హిమాలయాల్లో సమ్మిట్ ట్రెక్‌కి ఏ నెలలో వెళ్లాలి? బెజవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సమ్మిట్ ట్రెక్ అంటే శిఖరం కొన దాకా ఎక్కే నడక. ఇక్కడున్న ప్రశ్నలన్నీ మన ఊళ్ల వాళ్లు అడిగేవే. చాలావరకు "ఏ నెల మంచిదండీ?" అనే మొదలవుతాయి. ఏ శిఖరమో తేలకుండా దానికి జవాబు లేదు. అందుకని ముందు రెండు ప్రశ్నలు ఓపిగ్గా చదవండి. ఆ తర్వాత మీకు సెలవు దొరికే నెల దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

అసలు హిమాలయాలకు ఏది మంచి సీజన్? ఒక్క ముక్కలో చెప్పండి.

మొదటిసారి వెళ్తున్నారు, మంచులో నడవాలని ఉంది అంటే జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం. మంచు లేకపోయినా పర్లేదు, చుట్టూ శిఖరాలు స్పష్టంగా కనపడాలి అంటే అక్టోబర్. తొందరలో ఉన్నవాళ్లకు ఇంతే.

తొందర లేనివాళ్లకు అసలు సంగతి చెప్తాను. హిమాలయాల పొడవు దాదాపు 2,400 కిలోమీటర్లు. కశ్మీర్ నుంచి అరుణాచల్ దాకా ఒకే వాతావరణం ఉండదు. జులైలో ఉత్తరాఖండ్‌లో కొండచరియలు విరిగి రోడ్లు మూతపడుతుంటే, లదాఖ్‌లో శిఖరాలెక్కే సీజన్ మొదలవుతుంది. కాబట్టి ముందు శిఖరం, తర్వాత నెల, ఆ తర్వాత సెలవు. మనం మాత్రం తిరగేసి చేస్తాం. లీవ్ దొరికింది, ఎటు పోదాం అని అడుగుతాం. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఉన్నవాళ్లకు వేరే దారి లేదు కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను. కాకపోతే దొరికిన సెలవుకి తగిన కొండను వెతుక్కోవాలి. మనసుపడ్డ కొండను ఆ సెలవులోకి కుక్కేస్తేనే ఇబ్బంది.

అక్కడి సీజన్ల లెక్క ఏమిటి? మనలాగే ఎండాకాలం, వానాకాలం, చలికాలమేగా?

పేర్లు అవే, నడిచే తీరు వేరు. కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో చలికాలపు మంచు రుతుపవనాల వల్ల రాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమను మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు దాన్ని తెస్తాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. వచ్చినప్పుడు ఒకట్రెండు రోజులు మంచు కురుస్తుంది, అది దాటిపోయాక ఆకాశం తేటపడుతుంది, చలి పెరుగుతుంది. ఇవి వచ్చే సంగతి వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెబుతుంది. ట్రెక్‌కి బయల్దేరేవాళ్లు వారం ముందు నుంచీ ఆ సూచనలు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

జూన్ మొదట్లో కేరళను తాకే నైరుతి రుతుపవనాలు ఉత్తరాఖండ్, హిమాచల్ చేరేసరికి మామూలుగా జూన్ మూడో వారం దాటుతుంది. సెప్టెంబర్ చివరికి అక్కడి నుంచి తప్పుకుంటాయి. సిక్కిం, డార్జిలింగ్ వైపు ముందే వస్తాయి, ఆలస్యంగా వదులుతాయి. అందుకే గోయెచాలా, సందక్‌ఫూ వెళ్లేవాళ్లు అక్టోబర్ రెండో వారం దాటాక తేదీ పెట్టుకోవడం మంచిది. లదాఖ్, స్పితి లోయలకు రుతుపవనాల మేఘాలను ఎత్తైన పర్వతాలు అడ్డుకుంటాయి. అక్కడ వాన తక్కువే గానీ, అసలు పడదనుకోవద్దు.

ఇదంతా కలిపి చూస్తే వానలకు ముందు ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మొదటి వారాల దాకా, వానల తర్వాత సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా పెద్ద సీజన్లు. నడి చలికాలంలో తక్కువ ఎత్తు శిఖరాలు, నడి వానాకాలంలో లదాఖ్.

సంక్రాంతి సెలవుల్లో కేదార్‌కంఠ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. మన క్యాలెండర్‌కి బాగా కుదిరే ట్రెక్ ఇదే. ఉత్తరకాశీ జిల్లాలోని సాంక్రీ అనే ఊరి నుంచి మొదలవుతుంది. సాంక్రీ దాదాపు 6,400 అడుగుల ఎత్తులో ఉంటే, శిఖరం 12,500 అడుగులు. దారిలో జుడా కా తాలాబ్ అనే చెరువు గడ్డకట్టి కనిపిస్తుంది. పైకి చేరాక స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్, కాలానాగ్ ఎదురుగా ఉంటాయి. అంత చలికాలంలోనూ ఎక్కగలగడానికి కారణం దాని ఎత్తు తక్కువ కావడం, దారి చాలావరకు అడవిలోంచి పోవడం.

డిసెంబర్ చివరి వారం మాత్రం వద్దని చెబుతాను. న్యూ ఇయర్‌కి ఆ కొండ మీద జనాన్ని చూస్తే శివరాత్రికి కోటప్పకొండ గుర్తొస్తుంది. పైగా డిసెంబర్‌లో మంచు ఖాయమని చెప్పలేం. 2023 డిసెంబర్, 2024 జనవరి నెలలు పశ్చిమ హిమాలయాల్లో దాదాపు ఎండుగానే గడిచాయి. గుల్‌మర్గ్‌లో కూడా మంచు లేదని వార్తలొచ్చాయి. సంక్రాంతి నాటికి అవకాశం మెరుగవుతుంది. ఫిబ్రవరిలో ఇంకా బాగుంటుంది. లీవ్ మీ చేతిలో ఉంటే పండగ ఇంట్లో చేసుకుని ఫిబ్రవరిలో వెళ్లండి.

ఇంకో చిక్కు పొగమంచు. జనవరిలో ఢిల్లీ చుట్టుపక్కల పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడుస్తాయి, విమానాలు రద్దవుతాయి. ఉదయం ఢిల్లీలో దిగి, సాయంత్రం డెహ్రాడూన్ చేరి, తెల్లారి ఆరింటికి సాంక్రీ జీపు ఎక్కుతామని గీసుకున్న ప్లాన్ కాగితం మీదే బాగుంటుంది. డెహ్రాడూన్‌లో ఒక రాత్రి అదనంగా ఉంచుకోండి.

లంబసింగిలో చలి తట్టుకున్నాం. జనవరిలో అక్కడి చలి కూడా అలాగే ఉంటుందా?

ఉండదు. లంబసింగిలో తెల్లవారుజామున రెండు మూడు గంటలు గట్టిగా వణుకుతాం, తొమ్మిదింటికి స్వెట్టర్ తీసేస్తాం. కేదార్‌కంఠ క్యాంపుల్లో జనవరి రాత్రి మైనస్ 10 డిగ్రీల దాకా పోవచ్చు. సాయంత్రం నాలుగింటికి ఎండ కొండ వెనక్కి పోయిన దగ్గర్నుంచి మర్నాడు ఎండ పొడ తగిలేదాకా ఆ చలిలోనే ఉండాలి. సీసాలో నీళ్లు గడ్డకడతాయి. ఫోన్, పవర్ బ్యాంక్ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవాలి, లేకపోతే పొద్దున్నకి చార్జింగ్ ఉండదు.

జీన్స్ వద్దు, కాటన్ బనీన్లు వద్దు. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. మంచి జాకెట్ బెజవాడలో కొని బీరువాలో పెట్టుకునే బదులు ట్రెక్ మొదలయ్యే ఊళ్లో అద్దెకు తీసుకోండి. బూట్లు మాత్రం సొంతవి ఉండాలి. కనీసం నెల రోజులు వేసుకుని తిరిగినవైతే కాళ్లు బొబ్బలెక్కవు.

మేలో పిల్లలకు సెలవులు. ఎండలు తప్పించుకోవడానికి అప్పుడు వెళ్తే?

ఆలోచన మంచిదే, మనవాళ్లు ఎక్కువమంది వెళ్లేదీ అప్పుడే. పిల్లలతో అయితే మనాలీ దగ్గర సోలంగ్ లోయ నుంచి ఎక్కే పాతాల్సు శిఖరం చూడండి. సుమారు 13,800 అడుగులు. అక్కడి కొండలు, లోయలు పచ్చగా ఉంటాయి, పైన ఇంకా మంచు మిగిలి ఉంటుంది.

కాస్త అనుభవం ఉన్నవాళ్లకు ఏప్రిల్ రెండో సగం, మే మొదటి సగం పంగర్‌చుల్లాకి సరైన సమయం. ఇది జోషీమఠ్ వైపు ఉంటుంది, ఎత్తు దాదాపు 15,000 అడుగులు. అప్పటికి చలికాలపు మంచు గట్టిపడి అడుగు నిలుస్తుంది, రాత్రి చలి భరించేలా ఉంటుంది. మే చివరికి మంచు కరిగిపోయి కింద పెద్ద బండరాళ్లు బయటపడతాయి. వాటి మీద ఎక్కడం మంచులో ఎక్కడం కన్నా విసుగు.

ఫ్రెండ్‌షిప్ పీక్ గురించి కూడా తెగ అడుగుతున్నారు. ఎత్తు 5,289 మీటర్లు. మే, జూన్ దానికి సీజనే. కానీ అది ఉత్త నడక కాదు. క్రాంపాన్లు (బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), తాడు వాడాల్సి వస్తుంది. మొదటి ట్రెక్‌గా దాన్ని ఎంచుకోవద్దు, ఎవరు "ఈజీయే బాసూ" అన్నా సరే.

మే నెలకున్న అసలు తలనొప్పి కొండ మీద కాదు, రోడ్డు మీద. చార్‌ధామ్ యాత్ర మొదలయ్యాక రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా గంటల కొద్దీ ట్రాఫిక్. రూములు దొరకవు, రేట్లు పెరుగుతాయి. ఇంకోటి, జూన్ వచ్చింది కదా ఎండాకాలమేలే అని తేలిగ్గా తీసుకోవద్దు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ ట్రెక్‌లో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. బెజవాడలో నలభై నాలుగు డిగ్రీలు కాస్తున్న వారంలోనే పైన అలా ఉండొచ్చు.

జులై, ఆగస్టులో ఏదీ లేదా?

ఉత్తరాఖండ్, హిమాచల్ దక్షిణపు వాలుల్లో సమ్మిట్ కోసమైతే వద్దు. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌లో పూలు బాగా పూసేది అప్పుడే గానీ, అది శిఖరం కాదు. 2013 జూన్ నడిమిలో కేదార్‌నాథ్‌లో జరిగింది తెలియనివాళ్లు లేరు. 2023 జులైలో బియాస్ నది పొంగి మనాలీ హైవే కొట్టుకుపోయింది. కొండ మీద మీరు క్షేమంగా ఉన్నా, కింద రోడ్డు లేక రోజుల తరబడి ఇరుక్కుపోతారు.

లదాఖ్ అయితే వెళ్లొచ్చు. 6,000 మీటర్లు దాటిన శిఖరం ఎక్కాలనుకునేవాళ్లకు మర్ఖా లోయలోని కాంగ్ యాట్సే 2, దారిలో హిమాచల్‌లోని లాహౌల్ ప్రాంతపు యూనమ్ జులై నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా అనుకూలం. ఒకప్పుడు అందరూ చెప్పుకున్న స్టోక్ కాంగ్రీని 2020లో స్థానిక టూర్ ఆపరేటర్లే మూయించారు. ఆ హిమానీనదం నీళ్ల మీదే కింద ఊరు బతుకుతుంది. పాత వీడియోలు చూసి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

లేహ్‌కి విమానంలో వెళ్తే మాత్రం దిగిన తర్వాత రెండు రోజులు ఊరికే ఉండండి. లేహ్ ఊరే 11,500 అడుగుల ఎత్తులో ఉంది. గన్నవరంలో పొద్దున్నే ఎక్కి, ఢిల్లీలో మారి, లేహ్‌లో దిగి, సాయంత్రమే ఇంకా ఎత్తులో ఉన్న ఖార్‌దుంగ్‌లా కనుమకు పోదామనేవాళ్లను చూస్తే నాకే టెన్షన్ వస్తుంది.

దసరా సెలవులు, అక్టోబర్ అంటే కళ్లు మూసుకుని బయల్దేరొచ్చా?

అన్నిటికన్నా నమ్మకమైన కాలం అదే. వానలు గాలిలోని దుమ్మును కడిగేసి వెళ్తాయి, శిఖరాలు ఎంతో దూరం నుంచి కనిపిస్తాయి, పగలు హాయిగా ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో తుంగనాథ్ గుడి మీదుగా ఎక్కే చంద్రశిల, సందక్‌ఫూ, నేపాల్‌లో ఐలాండ్ పీక్, మేరా పీక్ అన్నిటికీ అక్టోబర్ మంచిదే. దసరా సెప్టెంబర్ చివర్లో వచ్చిన ఏడాది ఉత్తరాఖండ్‌లో వానలు ఇంకా పూర్తిగా వెళ్లి ఉండవు. తేదీ చూసుకోండి.

కానీ కళ్లు మూసుకుని మాత్రం వద్దు. మన తీరం వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసిందని మనందరికీ గుర్తే. అది అక్కడితో అయిపోలేదు. బలహీనపడుతూ ఉత్తరానికి కదిలి రెండు రోజుల్లో నేపాల్ చేరింది. దానిలో మిగిలిన తేమంతా 14వ తేదీన అన్నపూర్ణ ప్రాంతంలో మంచుగా కురిసింది. తొరాంగ్ లా అనే 5,416 మీటర్ల కనుమ చుట్టుపక్కల నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ట్రెక్కర్లు, గైడ్లు, పోర్టర్లు ఉన్నారు. అక్టోబర్ నడిమి నేపాల్‌లో ట్రెక్కింగ్‌కి మంచి అదును కాబట్టే ఆ రోజు దారిలో అంతమంది ఉన్నారు.

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో వినగానే మనం మన జిల్లా సంగతే చూసుకుని, తీరం దాటిందనగానే ఊపిరి పీల్చుకుంటాం. ట్రెక్‌లో ఉన్నవాళ్లు, వెళ్లబోయేవాళ్లు తీరం దాటాక అది ఎటు పోతోందో ఇంకో నాలుగు రోజులు చూడాలి. అక్టోబర్, నవంబర్ మన తుపాన్ల కాలం కూడా. గైడ్ హిమాలయాల్లో పుట్టి పెరిగినవాడైనా, బంగాళాఖాతం కబురు అతనికంటే ముందు మీ ఇంటి నుంచే తెలియొచ్చు. సిగ్నల్ ఉన్న చోట ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి.

2021 అక్టోబర్ నడిమిలోనూ ఉత్తరాఖండ్‌లో అకాల వర్షాలు, పైన భారీగా మంచు పడి లంఖాగా కనుమ దగ్గర ట్రెక్కర్లు చనిపోయారు. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా డాండా 2 శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి పాతిక మందికి పైగా పోయారు. వాళ్లు ఉత్తరకాశీలోని పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం వాళ్లు, అనామకులు కారు. ఇవన్నీ భయపెట్టడానికి చెప్పడం లేదు. మంచి సీజన్ అంటే ప్రమాదం తక్కువని అర్థం, లేదని కాదు.

కార్తీక మాసంలో తుంగనాథ్ దర్శనం, పనిలో పనిగా చంద్రశిల. నాన్నగారిని తీసుకెళ్లొచ్చా?

దీపావళికి ముందే వెళ్లండి. తుంగనాథ్ గుడి చలికాలంలో మూసేసి, స్వామిని కిందున్న మక్కూమఠ్‌కి తీసుకొస్తారు. తలుపులు మూసే తేదీ ఏడాదికోలా ఉంటుంది, మామూలుగా అక్టోబర్ చివర లేదా నవంబర్ మొదట్లో. చోప్తా నుంచి గుడి దాకా రాళ్లు పరిచిన దారి, గుర్రాలు కూడా దొరుకుతాయి. గుడి నుంచి చంద్రశిల కొన దాకా ఇంకో కిలోమీటరు పైచిలుకు, అది కాస్త నిటారుగా ఉంటుంది. పెద్దవాళ్లకు బీపీ, షుగర్, గుండె సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. గుడి దాకా వచ్చి ఆయన అక్కడ కూర్చుంటే మీరు పైకి వెళ్లిరావచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

సమ్మిట్ రోజు అర్ధరాత్రి రెండింటికి లేపుతారట, ఎందుకు? సూర్యోదయం కోసమేనా?

ఫోటో కోసం కొంత, భద్రత కోసం ఎక్కువ. రాత్రి గట్టిపడిన మంచు మీద అడుగు నిలబడుతుంది. ఎండ ఎక్కాక అది మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది, నిటారు వాలుల్లో జారుతుంది, రాళ్లు వదులై పడతాయి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకోవడమూ మామూలే. అందుకే ఫలానా టైముకల్లా పైకి చేరకపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని గైడ్ ఒక గంట పెడతాడు. దాని మీద బేరాలాడొద్దు. సీజన్ చివరికి వెళ్లేకొద్దీ ఆ గంట ఇంకా ముందుకు జరుగుతుంది, మంచు త్వరగా మెత్తబడుతుంది కాబట్టి.

పౌర్ణమి చూసుకుని వెళ్తే?

వెళ్లండి. ఆకాశం తేటగా ఉంటే మంచు మీద వెన్నెల పగలులాగే ఉంటుంది, నడక సులువవుతుంది. నక్షత్రాలు చూడాలనుకునేవాళ్లు అమావాస్య వైపు చూసుకోవాలి. ఏదైనా హెడ్‌ల్యాంప్ తప్పదు. వాతావరణం, తిథి రెండూ కలవకపోతే వాతావరణం మాటే వినండి.

మంచి సీజన్‌లో వెళ్తే ఆక్సిజన్ సమస్య ఉండదా?

దానికీ సీజన్‌కీ పెద్ద సంబంధం లేదు. కేదార్‌కంఠ కొన మీద అందే ఆక్సిజన్ మన దగ్గరతో పోలిస్తే అరవై శాతం పైచిలుకు. ఫ్రెండ్‌షిప్ పీక్ మీద సగానికి కాస్త ఎక్కువ. చలికాలంలో అదే ఎత్తులో గాలి పీడనం ఇంకొంచెం తగ్గుతుంది కూడా. మనం బతికేది కృష్ణ ఒడ్డున, సముద్ర మట్టానికి దగ్గర్లో. ఏ నెలలో వెళ్లినా మన శరీరానికి ఎత్తు కొత్తే. 3,000 మీటర్లు దాటాక రోజుకి 500 మీటర్లకు మించి పైన పడుకోకుండా ఎక్కాలి, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. తలనొప్పి, వాంతి, నడుస్తుంటే తూలిపోవడం కనిపిస్తే దాచుకోకుండా చెప్పి కిందికి దిగాలి. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

తిండి గురించి కూడా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. కందిపొడి, చిన్న నేతి డబ్బా తీసుకెళ్లండి, ఆకలి మందగించినప్పుడు రెండు ముద్దలు దిగుతాయి. ఆవకాయ జాడీ మాత్రం సాంక్రీలోనే వదిలేయండి. పైన కడుపు పాడైతే మన గుంటూరు కారం మీద అభిమానం అక్కరకు రాదు.

ప్రాక్టీస్ ఎక్కడ, ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనీసం రెండు నెలల ముందు. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం షికారు చాలదు, అది చదును. మెట్లు కావాలి. బెజవాడ వాళ్లకు ఇంద్రకీలాద్రి మెట్లు, కొండపల్లి ఖిల్లా ఉన్నాయి. గుంటూరు వాళ్లకు మంగళగిరి పానకాలస్వామి మెట్లు, కొండవీడు. వీపున ఐదారు కిలోల బ్యాగు వేసుకుని ఎక్కండి, దిగేటప్పుడు ఇంకా నెమ్మదిగా దిగండి. మోకాళ్లు పట్టేసేది దిగుతున్నప్పుడే.

ఇక్కడ మన సీజన్ కూడా లెక్కలోకి వస్తుంది. ఫిబ్రవరి ట్రెక్‌కి ప్రాక్టీస్ డిసెంబర్, జనవరిలో పడుతుంది, మన దగ్గర ఏడాదిలో హాయిగా ఉండే రోజులు. మే ట్రెక్‌కి మార్చి, ఏప్రిల్ ఎండల్లో చేయాలి. పొద్దున ఆరింటికల్లా ముగించకపోతే వడదెబ్బే. అక్టోబర్ ట్రెక్‌కి వానల్లో పాకుడు పట్టిన మెట్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఫిబ్రవరి అనడానికి ఇదీ ఒక కారణం.

మే నెలే మంచిదని ఎవరెస్ట్ వాళ్లూ అంటారు కదా. మనకూ అదే లెక్కా?

కాదు. ఎవరెస్ట్ కొన మీద ఏడాదిలో చాలా భాగం జెట్ స్ట్రీమ్ అనే పై ఎత్తు గాలులు గంటకు వంద కిలోమీటర్లు దాటి వీస్తాయి. రుతుపవనాలు రావడానికి ముందు, మే రెండో సగంలో ఆ గాలులు ఉత్తరానికి జరిగి కొద్ది రోజులు నెమ్మదిస్తాయి. మన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కిన 2014 మే 25 ఆ రోజుల్లోదే. అది 8,848 మీటర్ల లెక్క. 4,000 మీటర్ల కొండకు దాంతో పనిలేదు.

టికెట్లు ఎప్పుడు తీసుకోవాలి? ఎన్ని రోజుల లీవ్ పెట్టాలి?

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఏపీ ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ అన్నీ బెజవాడ మీదుగానే ఢిల్లీ పోతాయి, ఒక రోజు పైనే పడుతుంది. దసరాకి, మేకి తెరుచుకున్న రోజే కూర్చోవాలి. కేదార్‌కంఠ లాంటి చిన్న ట్రెక్‌కైనా రైలులో వెళ్లొస్తే పదకొండు, పన్నెండు రోజులు పెట్టుకోండి. అందులో ఒక రోజు కొండ మీద వాతావరణం కోసం, ఒక రోజు రోడ్డు కోసం ఖాళీగా ఉంచండి. నేపాల్ వెళ్లేవాళ్లకు పాస్‌పోర్ట్ లేకపోతే ఓటర్ కార్డు చాలు, ఆధార్ ఒక్కటే చూపించి విమానం ఎక్కుదామనుకుంటే ఇబ్బంది పడతారు.

రిటర్న్ టికెట్ దిగొచ్చిన రోజు రాత్రికి తీసుకోవద్దు. అలా తీసుకున్నవాళ్లే సమ్మిట్ రోజు మబ్బు పట్టినా, ఇంకో రోజు ఆగుదామని గైడ్ చెప్పినా, రైలు పోతుందని పైకి పోదామంటారు. మర్నాటికి తీసుకోండి. ఆ రోజు మిగిలిపోతే డెహ్రాడూన్‌లో వేడినీళ్ల స్నానం చేసి పడుకోవచ్చు.